‘లో’ అంటే ఎప్పుడూ ‘ఇన్’ కాదు: చోటూ దారీ చెప్పే ఇంగ్లీషు ప్రిపొజిషన్లు

నెల్లూరులో, బస్సులో, రెండో అంతస్తులో, ఇంట్లో, వి.ఆర్.సి. సెంటర్లో. తెలుగులో ఈ ఐదింటికీ ‘లో’ ఒక్కటే సరిపోతుంది. ఇవే ఇంగ్లీషులోకి వెళ్తే ‘ఇన్ నెల్లూర్’, ‘ఆన్ ద బస్’, ‘ఆన్ ద సెకండ్ ఫ్లోర్’, ‘ఎట్ హోమ్’, ‘ఎట్ వి.ఆర్.సి. సెంటర్’ అవుతాయి. ఐదు చోట్లకి మూడు మాటలు. పదో తరగతి పిల్లల దగ్గర్నుంచి ఉద్యోగం ఇంటర్వ్యూకి తయారయ్యే డిగ్రీవాళ్ళ దాకా తడబడేది ఇక్కడే.

తెలుగు విభక్తి పేరు వెనక అంటుకుంటుంది, ఇంగ్లీషు ప్రిపొజిషన్ పేరు ముందు నిలబడుతుంది. ఆ తేడా తొందరగానే అలవాటవుతుంది. అసలు చిక్కు, ‘లో’కి సరిపోయే ఇంగ్లీషు మాట ఏది అని వెతకడంలో ఉంది. అలాంటి మాట ఒకటి లేదు. ‘కి’కీ లేదు, ‘దగ్గర’కీ లేదు. అందుకని తెలుగు విభక్తిని పక్కన పెట్టి, ఆ చోటుని ఇంగ్లీషు ఏ ఆకారంలో చూస్తుందో పట్టుకోవాలి. ఆకారం దొరికితే మాట దానంతట అదే వస్తుంది.

చుక్క, గీత, పెట్టె

ఒక పలక తీసుకోండి. మార్కాపురం రాతిపలకైనా సరే, నోటుపుస్తకం వెనక అట్టైనా సరే. పైన ఒక చుక్క పెట్టండి. మధ్యలో అడ్డంగా పొడుగాటి గీత గీయండి. కింద ఒక పెట్టె బొమ్మ వేయండి. చుక్క పక్కన ‘ఎట్’, గీత మీద ‘ఆన్’, పెట్టె లోపల ‘ఇన్’ రాయండి. వాక్యం రాసే ముందు చోటుని ఈ మూడింటిలో ఒకదాని మీద పెట్టి చూడాలి.

చుక్క అంటే ఆ చోటుకి లోపల, బయట అని పట్టించుకోకపోవడం. మనిషి అక్కడున్నాడు, పని అక్కడ జరిగింది, అంతే. బస్టాపు, సెంటరు, గేటు, వీధి చివర, పెళ్ళి, తిరునాళ్ళు అన్నీ చుక్కలే. గీత అంటే రోడ్డు, ఏటిగట్టు, సముద్రతీరం, సరిహద్దు. గోడ, నేల, సీలింగు, పేజీ, మ్యాపు లాంటి చదునైనవి కూడా గీత లెక్కలోకే వస్తాయి, ఎందుకంటే వస్తువు వాటిని ఆనుకుని ఉంటుందే తప్ప వాటి లోపల ఉండదు. పెట్టె అంటే నాలుగు వైపులా హద్దు ఉన్నది: గది, సంచి, ఊరు, జిల్లా, చెరువులో నీళ్ళు.

మూడూ ఒకేసారి కనిపించే చోటు నెల్లూరులోనే ఉంది. మొహర్రం నెలలో రొట్టెల పండగ ఎక్కడ జరుగుతుంది? ‘ఎట్ ద బారాషహీద్ దర్గా’. పండగ జరిగే చోటుని చుక్కగా చూస్తున్నాం. దర్గా ఎక్కడుంది? ‘ఆన్ ద బ్యాంక్ ఆఫ్ స్వర్ణాల ట్యాంక్’. గట్టు గీత కదా. రొట్టె మార్చుకునేవాళ్ళు ఎక్కడ నిలబడతారు? ‘ఇన్ ద వాటర్’. మోకాళ్ళ చుట్టూ నీళ్ళుంటే అది పెట్టె. ఈ దృశ్యం ఒక్కటి కళ్ళ ముందు పెట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

ఒకే ఊరు ఒకసారి చుక్క, ఇంకోసారి పెట్టె అవుతుంది. రైలు ప్రయాణంలో ఒంగోలు ఒక చుక్క: ‘ద పినాకిని ఎక్స్‌ప్రెస్ స్టాప్స్ ఎట్ ఒంగోల్’. అక్కడ కాపురం ఉంటే పెట్టె: ‘షి లివ్స్ ఇన్ ఒంగోల్’. ‘అరైవ్’ అనే క్రియకీ ఇదే లెక్క. ఊరికో దేశానికో చేరితే ‘అరైవ్ ఇన్’, స్టేషనుకో ఆఫీసుకో చేరితే ‘అరైవ్ ఎట్’. ‘అరైవ్ టు’ అనేది లేదు.

నది విషయంలో చాలామంది పొరపడతారు. ‘నెల్లూర్ ఈజ్ ఆన్ ద పెన్నా’ అంటే ఊరు నీళ్ళ మీద తేలుతోందని కాదు. నదిని గీతగా చూసి, ఊరు ఆ గీతని ఆనుకుని ఉందని చెప్పడం. ‘క్రిష్ణపట్నం ఈజ్ ఆన్ ద కోస్ట్’, ‘కావలి ఈజ్ ఆన్ ఎన్‌హెచ్ 16’ కూడా అలాంటివే. ‘ఇన్ ద పెన్నా’ అంటే నది లోపల, అంటే నీళ్ళల్లోనో ఇసుకలోనో అని. దీవులకీ ‘ఆన్’ వాడతారు: ‘ఆన్ శ్రీహరికోట ఐలండ్’. కానీ దీవి ఒక దేశమైతే పెట్టె అయిపోతుంది: ‘ఇన్ శ్రీలంక’.

వీధుల దగ్గర ఇంగ్లీషువాళ్ళలోనే తేడా ఉంది. బ్రిటన్‌లో ‘ఇన్ ద స్ట్రీట్’ అంటారు, అమెరికాలో ‘ఆన్ ద స్ట్రీట్’ అంటారు, రెండూ సరైనవే. ట్రంకు రోడ్డు లాంటి పెద్ద రోడ్డుకి ‘ఆన్’ వాడితే ఎక్కడైనా నడుస్తుంది. ఇంటి నంబరు చెప్పేటప్పుడు మాత్రం ‘ఎట్’ రావాలి, నంబరు చుక్క కాబట్టి.

ఎక్కేవీ దిగేవీ

బండ్ల దగ్గర పెట్టె లెక్క పనిచెయ్యదు. బస్సుకి నాలుగు గోడలున్నా ‘ఆన్ ద బస్’ అనే అంటారు. గుర్తు పెట్టుకోవడానికి ఒక కొలత ఉంది: లోపల నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగితే ‘ఆన్’, వంగి ఎక్కి కూర్చోవాల్సిందే అయితే ‘ఇన్’. బస్సు, రైలు, విమానం, ఓడ ‘ఆన్’. కారు, ఆటో, జీపు, చిన్న పడవ ‘ఇన్’. సైకిలు, మోటారు సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి అవీ ‘ఆన్’.

ఎక్కడం, దిగడం కూడా ఈ వరసలోనే నడుస్తాయి. ‘ఆన్’ బండ్లకి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. ఇక్కడి ‘ఆఫ్’ స్పెల్లింగులో రెండు ఎఫ్‌లు ఉంటాయి, ఒక ఎఫ్ ఉన్న ‘ఆఫ్’ వేరు. రాతలో ఈ తప్పు ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఇన్’ బండ్లకి ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుటాఫ్’. బస్సు దిగడాన్ని మన దగ్గర ‘గెట్ డౌన్’ అంటాం. కండక్టరుకి అర్థమవుతుంది, మద్రాసులోనూ అర్థమవుతుంది. పరీక్షలోనూ విదేశంలోనూ ‘గెట్ ఆఫ్’ అనే రాయాలి.

ఏ బండి మీద వచ్చావంటే ‘బై’: ‘బై బస్’, ‘బై ట్రైన్’, ‘బై ఆటో’. ‘బై’ తర్వాత ‘ద’, ‘ఎ’, ‘మై’ ఏవీ రాకూడదు. ‘మై’ వచ్చిందంటే ‘బై’ పోవాలి: ‘ఆన్ మై బైక్’, ‘ఇన్ మై కార్’. నడిచి వస్తే ‘బై వాక్’ కాదు, ‘ఆన్ ఫుట్’. లేదా ‘ఐ వాక్డ్’ అంటే సరిపోతుంది, వినడానికి ఇదే బాగుంటుంది.

ఇంకొన్ని ‘లో’లు ఏ లెక్కకీ లొంగవు, కంఠతా పట్టాల్సిందే. వరిపొలంలో అయితే ‘ఇన్ ద ఫీల్డ్’, రొయ్యల ఫారంలో అయితే ‘ఆన్ ద ఫార్మ్’, ఆ ఫారంలోని గుంటలో అయితే మళ్ళీ ‘ఇన్ ద పాండ్’. టీవీలో, వాట్సాప్‌లో, స్క్రీన్‌లో అన్నీ ‘ఆన్’. పేపర్లో, ఫొటోలో, అద్దంలో అన్నీ ‘ఇన్’. పుస్తకంలో ‘ఇన్ ద బుక్’, పదో పేజీలో ‘ఆన్ పేజ్ టెన్’. ఎండలో, వానలో, నీడలో అన్నీ ‘ఇన్’. గది మూల ‘ఇన్ ద కార్నర్’, వీధి మలుపు ‘ఎట్ ద కార్నర్’.

చెట్టు సంగతి వేరు. నేలపట్టు చెరువులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కడతాయి. తెలుగులో ‘మీద’ అన్నాం కదా అని ‘ఆన్’ అనబోతాం, కానీ ఇంగ్లీషులో ‘ఇన్ ద ట్రీస్’. కొమ్మలూ ఆకులూ చుట్టూ ఉన్నాయి కనుక చెట్టు ఒక పెట్టె. అదే చెట్టుకి కాసిన కాయ అయితే ‘ఆన్ ద ట్రీ’, అది కొమ్మని అంటుకుని ఉంది కాబట్టి.

దగ్గర

ఈ మాట చేసే నష్టం ‘లో’ కంటే ఎక్కువ. ‘దగ్గర’ వినగానే చెయ్యి ‘నియర్’ రాసేస్తుంది. ‘నియర్’ అంటే అక్కడ లేమని, ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉన్నామని.

‘బస్టాండు దగ్గర దిగు’ అంటే బస్టాండులోనే దిగమని, కాబట్టి ‘గెట్ ఆఫ్ ఎట్ ద బస్ స్టాండ్’. ‘నియర్’ అంటే వచ్చినవాడు రెండు వీధుల అవతల దిగినా తప్పు వాడిది కాదు. ‘డాక్టరు దగ్గరికి వెళ్ళాను’ అన్నదాన్ని ‘ఐ వెంట్ నియర్ ద డాక్టర్’ అంటే డాక్టరుకి ఆనుకుని నిలబడ్డానని అర్థం, వైద్యం మాటే ఉండదు. ‘ఐ వెంట్ టు ద డాక్టర్’ అనాలి. ‘అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు’కి ‘విత్’ రావాలి: ‘హి స్టేస్ విత్ హిజ్ గ్రాండ్‌మదర్’. ‘నా దగ్గర డబ్బుల్లేవు’ చోటు చెప్పే వాక్యమే కాదు. ‘ఐ హ్యావ్ నో మనీ’ అంటే చాలు, ‘నియర్ మి’ అక్కడ అనవసరం.

‘నియర్’ నిజంగా రావాల్సిన చోటు కూడా ఉంది: ‘అవర్ విలేజ్ ఈజ్ నియర్ గూడూర్’. ఆ తర్వాత ‘టు’ అక్కర్లేదు. ‘క్లోజ్’ అయితే ‘టు’ కావాలి: ‘క్లోజ్ టు గూడూర్’.

ఎదురుగా, ముందు, పక్కన

‘బ్యాంకు గుడికి ఎదురుగా ఉంది’ అన్నప్పుడు మధ్యలో రోడ్డుంటుంది. అది ‘ఆపోజిట్ ద టెంపుల్’. ‘గుడి ముందు చెప్పులు విడవండి’ అన్నప్పుడు రోడ్డు దాటేదేమీ లేదు, అది ‘ఇన్ ఫ్రంటాఫ్ ద టెంపుల్’. అడ్రసులో ఈ రెండూ తారుమారైతే వచ్చినవాడు రోడ్డుకి తప్పు వైపు నిలబడి ఫోను చేస్తాడు. ‘ఆపోజిట్ టు’ అని మన ఊళ్ళ బోర్డుల మీద కనిపిస్తుంది, చోటు చెప్పేటప్పుడు ‘టు’ తీసేయాలి. ‘బిసైడ్’ అంటే పక్కన. చివర ఎస్ చేర్చి ‘బిసైడ్స్’ చేస్తే ‘అంతేకాక’ అవుతుంది, చోటుతో సంబంధమే ఉండదు. ఎడమ చేతివైపు ఉంటే ‘ఆన్ ద లెఫ్ట్’. ‘ఇన్ లెఫ్ట్ సైడ్’ అనకూడదు.

కి, కు

‘యాడికి పోతుండావ్’ అని నెల్లూరు యాసలో అడిగినా, ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అని మర్యాదగా అడిగినా ‘కి’ తప్పదు. ఇంగ్లీషులో ‘వేర్ ఆర్ యూ గోయింగ్’ అంటే చాలు. ‘కి’ ఉన్న ప్రతిచోటా ‘టు’ రాదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

‘టు’ వద్దనే మాటలు రెండు రకాలు. ‘హియర్’, ‘దేర్’, ‘హోమ్’, ‘అబ్రాడ్’, ‘అప్‌స్టెయిర్స్’, ‘ఇన్‌సైడ్’, ‘అవుట్‌సైడ్’ లాంటి మాటల్లోనే దిక్కు కలిసిపోయి ఉంది. ‘కమ్ హియర్’, ‘గో హోమ్’, ‘షి వెంట్ అబ్రాడ్’ అనాలి. ‘గో టు హోమ్’ తప్పు. ‘గో టు మై హౌస్’ తప్పు కాదు, ‘హౌస్’ మామూలు పేరు కాబట్టి. రెండో రకం క్రియలు. ‘రీచ్’, ‘ఎంటర్’, ‘అప్రోచ్’, ‘విజిట్’, ‘క్రాస్’, ‘లీవ్’. చేరడం, లోపలికి వెళ్ళడం, దాటడం ఆ క్రియలోనే ఉన్నాయి. ‘వి రీచ్డ్ టు నెల్లూర్’ కాదు, ‘వి రీచ్డ్ నెల్లూర్’. ‘ఎంటర్ ఇంటూ ద రూమ్’ కాదు, ‘ఎంటర్ ద రూమ్’. కొత్త క్రియ నేర్చుకున్న రోజే దాని వెనక ప్రిపొజిషన్ వస్తుందో రాదో కలిపి రాసుకుంటే తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

‘టు’ అంటే చేరడం, ‘టువర్డ్స్’ అంటే ఆ వైపు సాగడం. తుఫాను బంగాళాఖాతంలో ఉండి నెల్లూరు వైపు కదులుతుంటే ‘మూవింగ్ టువర్డ్స్ నెల్లూర్’. ‘టు’ అంటే నెల్లూరే దాని గమ్యమని తేలిపోయినట్టు. హెచ్చరిక రాసేవాళ్ళు ఈ తేడా చూసుకోవాలి.

‘వరకు’ అనగానే ‘టిల్’ రాస్తాం. ‘టిల్’, ‘అంటిల్’ కాలానికి పనికొస్తాయి. దూరానికి ‘అజ్ ఫార్ అజ్’ వాడాలి: ‘దిస్ బస్ గోస్ ఓన్లీ అజ్ ఫార్ అజ్ కావలి’.

బయటి నుంచి లోపలికి కదిలితే ‘ఇంటూ’, కింద నుంచి పైకి ఎక్కితే ‘ఆన్‌టు’. బావిలో పడితే ‘ఫెల్ ఇంటూ ద వెల్’. బండి మీంచి పడితే రెండు ఎఫ్‌ల ‘ఆఫ్’: ‘ఫెల్ ఆఫ్ ద బైక్’. ‘ఫ్రమ్’ కూడా తప్పు కాదు, మామూలుగా అనేది మాత్రం ‘ఆఫ్’.

‘టు’కీ ‘ఎట్’కీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ‘త్రో ద బాల్ టు హిమ్’ అంటే అతను పట్టుకునేలా బంతి వెయ్యమని. ‘త్రో ద బాల్ ఎట్ హిమ్’ అంటే అతన్ని కొట్టమని. ‘కుక్క మీద రాళ్ళు వేయకు’లో ‘మీద’ ఉన్నా అక్కడ ‘ఆన్’ రాదు, ‘డోంట్ త్రో స్టోన్స్ ఎట్ ద డాగ్’. ‘షౌట్’కీ అంతే. దూరంగా ఉన్నవాడికి వినబడాలని అరిస్తే ‘టు’, కోపంతో అరిస్తే ‘ఎట్’.

ఒడ్డునుంచి ఒడ్డుకి, పొడుగునా, నడుమనుంచి

దారి చెప్పే మాటల్లో ‘అక్రాస్’, ‘అలాంగ్’, ‘త్రూ’ బాగా కలిసిపోతాయి. మన వైపున్న మూడు దారులు తలుచుకుంటే విడిపోతాయి.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సుని అడ్డంగా కోస్తూ పోతుంది. ఇటు ఒడ్డున బయల్దేరి అటు ఒడ్డున తేలతాం. అది ‘అక్రాస్ ద లేక్’. సోమశిల డ్యామ్ పెన్నాకి అడ్డంగా కట్టింది, ‘బిల్ట్ అక్రాస్ ద పెన్నా’. నెల్లూరు నుంచి చూస్తే కోవూరు నది అవతల, ‘అక్రాస్ ద రివర్’.

బకింగ్‌హామ్ కాలవ సముద్రతీరం పొడుగునా సాగుతుంది. తీరాన్ని దాటదు, తీరంతో పాటే నడుస్తుంది. అది ‘అలాంగ్ ద కోస్ట్’. ట్రంకు రోడ్డు మీద ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి అదే వైపు నడిస్తే ‘వాక్ అలాంగ్ ద రోడ్’, అవతలి వైపు దుకాణానికి వెళ్తే ‘వాక్ అక్రాస్ ద రోడ్’.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు నల్లమల అడవి నడుమనుంచి పోతుంది. రెండు వైపులా చెట్లు, పైన కొమ్మలు. మూసుకుపోయిన చోటులోంచి వెళ్తే ‘త్రూ ద ఫారెస్ట్’. సొరంగం, గుంపు, సందు అన్నిటికీ ‘త్రూ’.

‘కావలి మీదుగా ఒంగోలు’ అంటే ‘టు ఒంగోల్ వయా కావలి’. ఇది అందరికీ తెలిసిందే. ‘గుడి దాటాక’కి ‘పాస్ట్ ద టెంపుల్’.

‘మీద’, ‘పైన’ మాటలకి ఇంకో రెండు ఉన్నాయి. తాకుతూ ఉంటే ‘ఆన్’. తాకకుండా పైన ఉంటే ‘ఎబవ్’ అయినా ‘ఓవర్’ అయినా సరే. దాటడం, కప్పడం ఉంటే ‘ఓవర్’ ఒక్కటే: ‘ద బ్రిడ్జ్ ఓవర్ ద పెన్నా’. మట్టం, కొలత చెప్పేటప్పుడు ‘ఎబవ్’ ఒక్కటే: ‘ఎబవ్ సీ లెవెల్’. ‘అండర్’, ‘బిలో’ల మధ్యా ఇదే తేడా: చెట్టు కింద ‘అండర్ ద ట్రీ’, సముద్రమట్టానికి దిగువ ‘బిలో సీ లెవెల్’.

దిక్కులు చెప్పేటప్పుడు ఆ చోటు లోపలుందా, బయటుందా చూడాలి. ఒంగోలు నెల్లూరు ఊరికి బయట, ఉత్తరాన ఉంది: ‘టు ద నార్త్ ఆఫ్ నెల్లూర్’. కావలి నెల్లూరు జిల్లా లోపలే ఉత్తర భాగాన ఉంది: ‘ఇన్ ద నార్త్ ఆఫ్ నెల్లూర్ డిస్ట్రిక్ట్’. మ్యాపు ప్రశ్నల్లో మార్కులు పోయేది ఈ ఒక్క మాట దగ్గరే.

ఒక అడ్రసు దిద్దుదాం

తెలుగు తెలియని కొరియరు మనిషికి ఫోనులో దారి చెప్పాలి. మామూలుగా మన నోట వచ్చేది ఇది: ‘కమ్ టు నెల్లూర్ ఇన్ బస్. గెట్ డౌన్ నియర్ ఆర్టీసీ బస్ స్టాండ్. కమ్ బై వాక్ టిల్ టెంపుల్. అవర్ హౌస్ ఈజ్ ఆపోజిట్ టు వాటర్ ట్యాంక్, ఇన్ ఫస్ట్ ఫ్లోర్. వెన్ యూ రీచ్ టు హియర్, కాల్ మి.’

దిద్దేటప్పుడు వాక్యం మొత్తం ఒక్కసారిగా చూడకూడదు. పేరు ముందున్న మాట ఒక్కొక్కటీ వేలితో మూసి, అది చుక్కా, గీతా, పెట్టా, లేక అసలేమీ అక్కర్లేనిదా అని అడగాలి. బస్సు ముందు ‘ఇన్’ పోయి ‘బై’. బస్టాండు ముందు ‘నియర్’ పోయి ‘ఎట్’, క్రియ ‘గెట్ ఆఫ్’. ‘బై వాక్’ పోయి ‘వాక్’, ఏ దారి వెంటో చెప్పడానికి ‘అలాంగ్ ద మెయిన్ రోడ్’ చేరుతుంది. ‘టిల్’ పోయి ‘అజ్ ఫార్ అజ్’. ‘ఆపోజిట్’ వెనక ‘టు’ పోతుంది. ఫ్లోరు చదును కాబట్టి ‘ఆన్’. ‘రీచ్’ వెనక ‘టు’ పోతుంది, ‘హియర్’ ఉంటే చాలు.

‘కమ్ టు నెల్లూర్ బై బస్. గెట్ ఆఫ్ ఎట్ ద ఆర్టీసీ బస్ స్టాండ్. వాక్ అలాంగ్ ద మెయిన్ రోడ్ అజ్ ఫార్ అజ్ ద టెంపుల్. అవర్ హౌస్ ఈజ్ ఆపోజిట్ ద వాటర్ ట్యాంక్, ఆన్ ద ఫస్ట్ ఫ్లోర్. వెన్ యూ రీచ్ హియర్, కాల్ మి.’

ఇప్పుడు మీ ఇంటికి దారి ఇలాగే ఐదారు వాక్యాల్లో రాసి, రేపు పొద్దున కొత్త కళ్ళతో చూడండి. తెలుగులో ‘లో’, ‘దగ్గర’, ‘కి’ వచ్చిన ప్రతి చోటా పెన్సిలుతో సున్నా చుట్టి, అక్కడ పెట్టిన ఇంగ్లీషు మాటని మళ్ళీ అడగండి.